యుద్ధం తర్వాతి జపాన్: క్లాసులో ఏటా వినపడే అపోహలు

డిగ్రీ పిల్లలకు ఆధునిక ప్రపంచ చరిత్ర చెప్పడం నా ఉద్యోగం. 1945 తర్వాతి జపాన్ పాఠం మొదలుపెట్టగానే ఏదో ఒక బెంచీ నుంచి బూట్ల ఫ్యాక్టరీ కథ వస్తుంది. దాంతోనే మొదలుపెడతాను.

అపోహ: జపాన్‌లో సమ్మెలు చెయ్యరు. కోపమొస్తే నల్ల బ్యాడ్జీ పెట్టుకుని రెట్టింపు పని చేస్తారు, లేదంటే ఎడమ కాలి బూట్లు మాత్రమే తయారుచేస్తారు.

వాస్తవం: ఈ కథ విన్నప్పుడల్లా నాకు మిఇకె గుర్తొస్తుంది. క్యూషూ దీవిలోని పెద్ద బొగ్గు గని అది. పెట్రోలియం వాడకం పెరిగి బొగ్గుకు గిరాకీ తగ్గడంతో, 1959 చివర్లో మిత్సుయి కంపెనీ 1,200 మందికి పైగా కార్మికులను తీసేస్తామంది. 1960 జనవరిలో లాకౌట్ ప్రకటించింది. మార్చిలో యూనియన్ రెండుగా చీలింది. కంపెనీ క్వార్టర్లలో పక్కపక్క ఇళ్ళవాళ్ళకే మాటల్లేకుండా పోయాయి. అదే నెల 29న గేటు దగ్గర పికెటింగ్ చేస్తున్న కుబో కియోషి అనే కార్మికుణ్ణి గూండాలు పొడిచి చంపారు. నవంబరు దాకా పోరాడి కార్మికులు ఓడిపోయారు. మూడేళ్ళకు, 1963 నవంబరు 9న, అదే మిఇకెలో బొగ్గు ధూళి అంటుకుని పేలింది. 458 మంది చనిపోయారు. ఆ అంకె బోర్డు మీద రాశాక కాసేపు నాకు మాట రాదు.

సరిగ్గా ఆ 1960లోనే టోక్యో కూడా అట్టుడికింది. అమెరికాతో కొత్త భద్రతా ఒప్పందాన్ని ఆమోదింపజేసుకోవడానికి ప్రధాని కిషి నొబుసుకె మే 19 రాత్రి పార్లమెంటులోకి పోలీసులను రప్పించారు. అడ్డంగా బైఠాయించిన ప్రతిపక్ష సభ్యులను ఎత్తుకెళ్ళి బయట పెట్టారు. ఒప్పందం సంగతి ఎలా ఉన్నా ఈ పద్ధతి చూసి మామూలు జనం కూడా రోడ్డెక్కారు. జూన్ 15న పార్లమెంటు ఆవరణలో జరిగిన తోపులాటలో కంబా మిచికో అనే 22 ఏళ్ళ విద్యార్థిని ప్రాణం పోయింది. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పర్యటన రద్దయింది. ఒప్పందం నిలబడింది గానీ కిషి దిగిపోయారు. ఆయన తర్వాత వచ్చిన ఇకెదా హయాతో పదేళ్ళలో జాతీయాదాయం రెట్టింపు చేస్తామన్నారు. పరీక్షలో ఈ ప్లాన్ గురించి ఆర్థిక కోణంలోనే రాస్తారు. రోడ్డు మీది కోపాన్ని చల్లార్చి, జనం దృష్టిని జీతాల వైపు తిప్పే రాజకీయం కూడా అందులో ఉందని నా అభిప్రాయం.

అపోహ: ప్రజాస్వామ్యం అమెరికా సేనాని మెకార్థర్ పెట్టిన భిక్ష.

వాస్తవం: యుద్ధంలో ఓడిన జపాన్‌లో ఆక్రమణ ప్రభుత్వాన్ని నడిపింది ఆయనే. ఆయన పాత్ర పెద్దదే, కాదనను. కానీ మెకార్థర్ జపాన్‌లో దిగింది 1945 ఆగస్టు 30న. అంతకు ఐదు రోజుల ముందే ఇచికావా ఫుసాయె తోటి మహిళలను కూడగట్టి ఓటు హక్కు కోసం కమిటీ వేసేసింది. 1924 నుంచీ ఆమె పోరాటం అదే. 1946 ఏప్రిల్ ఎన్నికల్లో మహిళలు తొలిసారి ఓటేశారు, 39 మంది గెలిచారు. భూసంస్కరణల మొదటి ముసాయిదా కూడా జపాన్ వ్యవసాయ శాఖ అధికారులదే. అది చాలదని ఆక్రమణ ప్రభుత్వం ఇంకా గట్టి చట్టం చేయించింది. దాంతో దాదాపు సగం దాకా ఉన్న కౌలు భూమి పదో వంతుకు దిగింది. ఇంకో సంగతి, 1947 ఫిబ్రవరి 1న తలపెట్టిన సార్వత్రిక సమ్మెను ఆపేయించిందీ మెకార్థరే. సమ్మె విరమిస్తున్నామని రేడియోలో చెబుతూ కార్మిక నాయకుడు ఇయి యాషిరో ఏడ్చేశాడు.

అపోహ: అభివృద్ధి కష్టపడే గుణంతో వచ్చింది, దానికి ఎవరూ మూల్యం చెల్లించలేదు.

వాస్తవం: మినమాటా. క్యూషూలోనే ఉన్న సముద్రతీరపు ఊరు అది. అక్కడి చిస్సో అనే రసాయనాల కంపెనీ ఫ్యాక్టరీ సముద్రంలోకి వదిలిన పాదరసం చేపల్లోకి, ఆ చేపలు తిన్న మత్స్యకారుల ఒంట్లోకి చేరింది. ముందు పిల్లులు గింగిరాలు తిరిగి చచ్చిపోయాయి, తర్వాత పిల్లలకు కాళ్ళూ చేతులూ పడిపోయాయి. 1956లోనే జబ్బు అధికారికంగా నమోదైంది. 1959లో ఫ్యాక్టరీ ఆసుపత్రి డాక్టరు చేసిన ప్రయోగంలోనే, ఆ వ్యర్థజలం కలిపిన తిండి తిన్న పిల్లికి అదే జబ్బు వచ్చింది. కంపెనీ ఆ విషయం బయటికి రానివ్వలేదు. ఆ డిసెంబరులోనే బాధితులకు కొద్దిపాటి సొమ్ము ఇచ్చి, రేపు తప్పు ఫ్యాక్టరీదేనని తేలినా ఇంకేమీ అడగబోమని రాయించుకుంది. పాదరసం వదలడం 1968 దాకా ఆగలేదు.

1970 నవంబరులో ఒసాకాలో కంపెనీ వాటాదారుల సమావేశానికి బాధితులు ఒక్కొక్క షేరు కొనుక్కుని, యాత్రికుల తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళారు. ఒకామె చనిపోయిన తల్లిదండ్రుల పేర్లున్న చెక్క పలకలు పట్టుకుని, అమ్మానాన్నలిద్దర్నీ పోగొట్టుకున్న బాధ తెలుసా అని కంపెనీ అధ్యక్షుణ్ణి నిలదీసింది. 1973 మార్చిలో కుమమోతో కోర్టు చిస్సోదే బాధ్యత అని తేల్చింది. 1959లో రాయించుకున్న ఆ కాగితం చెల్లదంది.