మందు దిగిపోయింది, గుణం నిలిచింది

డిప్రెషన్‌కి మామూలుగా ఇచ్చే మాత్రలు వాడినవాళ్ళలో చాలామంది చెప్పేది ఇదే: వికారం, నిద్ర తేడాలు మొదటి వారంలోనే వచ్చేస్తాయి, గుణం మాత్రం మూడు నాలుగు వారాలకి గానీ కనిపించదు. నిజానికి ఆ మాత్ర సెరటోనిన్ మీద, అంటే మెదడులో కణాల మధ్య సంకేతాలు మోసే ఒక రసాయనం మీద, తన ప్రభావాన్ని మొదటి రోజే, కొన్ని గంటల్లోనే చూపించేస్తుంది. మరి మనసు తేలికపడటానికి అన్ని వారాలెందుకు? సెరటోనిన్ తగ్గితే డిప్రెషన్, పెంచితే నయం అన్న కథ ఇక్కడే తడబడుతుంది.

ఈ ఆలస్యం తప్పదనే అనుకునేవాళ్ళం, కెటమిన్ వచ్చేదాకా. వచ్చేదాకా అనడం కూడా తప్పే, అది ఎప్పటినుంచో ఉంది. 1962లో కాల్విన్ స్టీవెన్స్ అనే కెమిస్టు తయారు చేస్తే, 1970లో అమెరికాలో ఆపరేషన్లకి ఇచ్చే మత్తుమందుగా అనుమతి దొరికింది. 2000లో యేల్ యూనివర్సిటీ బృందం దాన్ని బాగా తక్కువ మోతాదులో, అంటే కిలో బరువుకి అర మిల్లీగ్రాము చొప్పున 40 నిమిషాలపాటు నరంలోకి ఎక్కించి, డిప్రెషన్ ఉన్నవాళ్ళ మీద పనితనం చూపించింది. చాలా చిన్న ప్రయోగం అది. 2006లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో కార్లోస్ జరాటే బృందం, అంతకుముందు వాడిన మందులకి లొంగని 18 మందితో మళ్ళీ చేసింది. రెండు గంటల్లోపే మార్పు మొదలైంది, మర్నాటికి 71 శాతం మందిలో లక్షణాలు సగమో అంతకంటే ఎక్కువో తగ్గాయి.

నాకు ఆశ్చర్యం ఈ వేగం కాదు. కెటమిన్ రక్తంలో సుమారు మూడు గంటలకి సగమైపోతుంది, మర్నాటికి దాదాపు ఏమీ మిగలదు, గుణం మాత్రం చాలామందిలో రోజుల తరబడి ఉంటుంది. అంటే పని చేస్తున్నది మందు కాదు, మందు మొదలుపెట్టి వెళ్ళిపోయిన ఇంకేదో.

అదేంటో చూడాలంటే రెండు నాడీకణాలు కలిసే చోటికి వెళ్ళాలి. ఒక కణం గ్లుటమేట్ అనే ఉత్తేజపరిచే రసాయనాన్ని వదులుతుంది, అవతలి కణం దాన్ని రిసెప్టర్లతో, అంటే పైన ఉండే అందుకునే ప్రోటీన్లతో, అందుకుంటుంది. వాటిలో ఎన్ఎండీఏ రిసెప్టర్ ఒక గొట్టం లాంటిది, మామూలప్పుడు లోపల మెగ్నీషియం బిరడాలా ఇరుక్కుని ఉంటుంది, కణం గట్టిగా ఉత్తేజం పొందితేనే అది ఊడుతుంది. కెటమిన్ తెరుచుకున్న గొట్టంలోకి దూరి అడ్డంగా కూర్చుంటుంది. కాబట్టి ఎక్కువగా పనిచేస్తున్న కణాలే దానికి ముందు దొరుకుతాయి, మెదడులో అలా తెరిపి లేకుండా పనిచేసేవి మిగతా కణాలకి బ్రేకులు వేసే కణాలు. బ్రేకు వదులైతే గ్లుటమేట్ ఒక్కసారిగా పొంగుతుంది, ఆంపా అనే ఇంకో రకం రిసెప్టర్లు మేల్కొంటాయి, బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ విడుదలవుతుంది, దాంతో కణంలో కొత్త ప్రోటీన్ల తయారీ మొదలవుతుంది. ఇది ఎక్కువగా వినిపించే వివరణ. ఇదొక్కటే కాదు: 2018లో చైనాలో హైలాన్ హూ బృందం, నిరాశతో ముడిపడ్డ హాబెన్యులా అనే చిన్న భాగంలో కణాలు సంకేతాలని గుంపులు గుంపులుగా వదలడాన్ని కెటమిన్ ఆపుతుందని ఎలుకల్లో చూపించింది.

అన్నీ కొంత కొంత నిజమే అయ్యుండొచ్చని నా అభిప్రాయం. ఎందుకంటే మెమాంటిన్ అనే మతిమరుపు మందు కూడా అదే గొట్టాన్ని మూస్తుంది, కానీ డిప్రెషన్ మీద ఆ ప్రభావం చూపించలేదు. గొట్టం మూస్తే చాలు అనే మాట అక్కడే ఆగిపోతుంది.

2019లో వచ్చిన ఎలుకల ప్రయోగం నాకు అన్నిటికంటే ఇష్టం. ఒత్తిడి హార్మోను ఇస్తూ పోతే ఎలుక మెదడు ముందుభాగంలో నాడీకణాల కొమ్మల మీదుండే స్పైన్లు, అంటే సన్నటి మొగ్గల్లాంటి సంధిస్థానాలు, రాలిపోయాయి. కెటమిన్ ఇచ్చాక కొన్ని గంటల్లో ప్రవర్తన మెరుగైంది. స్పైన్లు మాత్రం అప్పటికి రాలేదు, 12 గంటలు దాటాకే మొలవడం మొదలుపెట్టాయి, అందులోనూ కొన్ని పోయిన చోటే మళ్ళీ వచ్చాయి! అంటే ముందు మనసు కుదుటపడింది, తర్వాతే తీగలు కట్టుకున్నాయి. అప్పుడు పరిశోధకులు కొత్తగా మొలిచినవాటిని మాత్రమే కాంతితో చెరిపేశారు. తోకతో వేలాడదీస్తే తప్పించుకోవాలని పెనుగులాడుతున్న ఎలుకలు పెనుగులాట తగ్గించేశాయి, అంటే నిరాశ లాంటి ప్రవర్తన తిరిగొచ్చింది.

మొదటి ఊరట ఒక దారిన వస్తుంది, దాన్ని నిలబెట్టేది ఇంకొకటి. ఒక్క డోసుతో వచ్చిన గుణం ఎల్లకాలం ఉండదు కాబట్టే, కెటమిన్‌లోనే ఒక రూపమైన, 2019లో అమెరికా అనుమతించిన ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేని మొదటి నాలుగు వారాలూ వారానికి రెండుసార్లు ఇస్తారు. స్ప్రేని ఇంటికి ఇచ్చి పంపరు. ఒంటికీ మనసుకీ సంబంధం తెగినట్టు అనిపించడం, బీపీ పెరగడం మామూలే, వ్యసనమయ్యే ప్రమాదం కూడా ఉంది, అందుకని స్ప్రే చేశాక కనీసం రెండు గంటలు క్లినిక్‌లోనే కూర్చోబెడతారు, ఆ రాత్రి బాగా నిద్రపోయి మర్నాడు లేచేదాకా బండి నడపనివ్వరు.