జీను కూడా కరుస్తుంది: సన్న వీపు గుర్రాల గురించి అపోహలు - వాస్తవాలు

బెంగళూరు చుట్టుపక్కల రైడింగ్ స్కూళ్లలో రేస్ కోర్సు నుంచి రిటైరై వచ్చిన థారోబ్రెడ్‌లు చాలా కనిపిస్తాయి. కొన్ని లాయాల్లో మార్వాడీ, కాఠియావాడీ జాతి గుర్రాలు కూడా ఉంటాయి. వీటిలో ఎక్కువ గుర్రాలకు మూపు (మెడ, వీపు కలిసే చోటు) ఎత్తు, వీపు సన్నం. యలహంక, దేవనహళ్లి వైపు లాయాలకు వెళ్లి జీన్లు సరిచూడటం నా పని. "ఏ జీనూ నిలవట్లేదన్నా" అని ఫోన్ వచ్చిందంటే నూటికి తొంభై పాళ్లు ఇలాంటి గుర్రం గురించే.

జంపింగ్ రౌండ్ నిమిషంన్నరలో అయిపోతుంది. జీను కాస్త అటూ ఇటూ ఉన్నా గుర్రం ఓర్చుకుంటుంది. ఎండ్యూరెన్స్, అంటే దూరాల స్వారీ పోటీ, అలా కాదు. 40 కిలోమీటర్ల రైడ్‌కే మూడు గంటలు దాటుతుంది, అంతర్జాతీయ స్థాయిలో 160 దాకా ఉంటుంది. గుర్రాన్ని డాక్టర్ పరీక్షించే వెట్ చెక్‌లో గుండె వేగం నిమిషానికి 64కి దిగిందా అని చూడటంతో ఊరుకోరు, వీపు మీద వేళ్లతో నొక్కి కూడా చూస్తారు. గుర్రం ఒళ్లు ముడిస్తే మీ జీను సంగతి అక్కడే బయటపడుతుంది.

అపోహ: సన్న గుర్రానికి నారో జీను కొంటే సరిపోతుంది.

నారో, మీడియం, వైడ్ అనే మాటలకు అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఒకరి మీడియం ఇంకొకరి నారో. అంతకంటే ముఖ్యం కోణం. జీను లోపలి చట్రాన్ని ట్రీ అంటాం. దాని ముందు కొసలు రెండూ గుర్రం పక్కల వాలుకు సమాంతరంగా దిగాలి. వాలు కలవకపోతే వెడల్పు సరిపోయినా కొసలు గుచ్చుకుంటాయి.

ఇంకో సంగతి, గుర్రం ముందుకాలు చాచినప్పుడు భుజపుటెముక పైభాగం వెనక్కి తిరుగుతుంది. అందుకే ట్రీ కొసలు ఆ ఎముక వెనక రెండు మూడు వేళ్ల దూరంలో ఉండాలి. జీను ముందుకు వేసి కూర్చుంటే అడుగడుగునా ఎముక వెళ్లి చట్రానికి తగులుతుంది. నమ్దా (జీను కింద వేసే మెత్తటి పరుపు) లేకుండా, గర్త్ (పొట్ట కింద నుంచి బిగించే పట్టీ) కట్టకుండా, ఉత్త వీపు మీద జీను కొంచెం ముందుగా పెట్టి వెనక్కి జరపండి. అది తనంతట తాను ఆగే చోటే దాని చోటు.

అపోహ: వదులుగా ఉంటే కింద ఇంకో నమ్దా వేస్తే సరి.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మొదట్లో ఒక మార్వాడీ మీద వెడల్పాటి జీను వేసి, మూపుకు తగలకుండా కింద మూడు నమ్దాలు పేర్చాను. నంది కొండ కింద ముప్పై కిలోమీటర్లు తిరిగొచ్చాం. మర్నాడు పొద్దున మూపుకు రెండు వైపులా వాపు. కొన్ని వారాలకు ఆ రెండు చోట్లా తెల్ల వెంట్రుకలు మొలిచాయి. అది రంగు మారడం కాదు, ఒత్తిడికి వెంట్రుకల కుదుళ్లు దెబ్బతిన్న గుర్తు. చాలాసార్లు ఇక పోదు.

చెప్పు బిగువై కరుస్తుంటే మందం సాక్సు తొడుక్కుంటామా? బిగువు జీనుకు నమ్దా చేసేది అదే. వదులు జీను కింద దొంతర వేస్తే జీను ఎత్తుకెక్కి దొర్లుతుంది. దొర్లుతోందని గర్త్ ఇంకా లాగి కడతాం, అప్పుడు నమ్దా బిగిసి మూపు మీదకే దిగుతుంది. ఒకే నమ్దా వేసి, గర్త్ కట్టే ముందు దాన్ని మూపు దగ్గర జీను సందులోకి పైకి లాగండి. రౌతు ఎక్కాక కూడా అక్కడ రెండు మూడు వేళ్లు దూరాలి. (ఇంగ్లిష్ వాళ్లు నమ్నా అనేది మన నమ్దానే. లాయం మాట అంత దూరం పోయింది.)

అపోహ: భుజం వెనక గుంట ఉంటే జీను ఆ గుంటలో అతుక్కుని కూర్చోవాలి.

కొలతలు తీసేవాళ్లు కూడా ఇక్కడే పొరబడతారు. ఆ గుంట కొన్ని గుర్రాలకు పుట్టుకతో ఉంటుంది, చాలావాటికి పాత జీను ఇచ్చినది. బిగువు జీను నెలల తరబడి నొక్కితే అక్కడి కండ కరిగిపోతుంది. ఆ కరిగిన ఆకారానికే కొత్త జీను కుట్టిస్తే కండ తిరిగి పెరగడానికి చోటెక్కడ? కాస్త వెడల్పు ట్రీ తీసుకుని, ఇప్పటికి ఖాళీగా ఉన్న చోట జేబులున్న నమ్దాలో పలచటి షిమ్‌లు (సందు పూడ్చే ముక్కలు) పెడతాను. కండ పూడేకొద్దీ ఒక్కొక్కటీ తీసేస్తాను. ఓపిక కావాలి. కొత్త జీనుకు డబ్బు పెట్టిన యజమానికి ఇది చెప్పి ఒప్పించడం మాత్రం నాకు పెద్ద టెన్షన్.

అపోహ: చెమట పట్టని పొడి మచ్చ ఉందంటే అక్కడ జీను నొక్కుతోంది.

నొక్కుతూ ఉండొచ్చు, అసలు తగలకపోయి కూడా ఉండొచ్చు. జీను ముందూ వెనకా ఆని మధ్యలో వంతెనలా లేచి ఉంటే నడి వీపు పొడిగానే ఉంటుంది, బరువంతా నాలుగు మూలల మీద పడుతుంది. ప్యానెల్ (జీను అడుగున వీపుకు ఆనే మెత్త) కింద చెయ్యి పోనిచ్చి చూస్తే రెండింటిలో ఏది నిజమో తెలిసిపోతుంది. గంటల తరబడి నడిచాక చెమట అంతటా పాకుతుంది కాబట్టి ఇరవై నిమిషాల పని తర్వాత చూసిన మచ్చనే నేను లెక్కలోకి తీసుకుంటాను.

అపోహ: ట్రీ లేని జీను ఏ వీపుకైనా కుదురుతుంది.

గుండ్రటి వీపుకు బాగానే కుదరొచ్చు. ఎత్తు మూపు, సన్న వీపు ఉంటే వెన్నెముకను కాపాడే చట్రం లేనందువల్ల జీను దాని మీదకే దిగుతుంది. రికాబుల బరువు కూడా ఒకే చోట పడుతుంది. మధ్యలో కాలువలాంటి సందున్న ప్రత్యేకమైన ప్యాడ్ లేకుండా దూరం పోకండి.

అపోహ: గర్త్ కట్టేటప్పుడు చెవులు వెనక్కి పెట్టే గుర్రానికి పొగరు.

పొగరని తేల్చే ముందు వీపు నొక్కి చూడండి, డాక్టర్‌కు చూపించండి.

అపోహ: ఒకసారి కుదిరిన జీను ఎప్పటికీ కుదురుతుంది.

సీజన్‌లో కండ పెరుగుతుంది, సెలవిస్తే తగ్గుతుంది, జబ్బు చేస్తే రెండు వారాల్లోనే వీపు మారిపోతుంది. జీను కూడా మారుతుంది. ఉన్ని నింపిన ప్యానెల్ మొదటి నెలల్లో అణిగిపోతుంది, మళ్లీ నింపించాలి. దేశంలో జీన్లకు పేరున్న కాన్పూర్ నుంచి తెప్పించేవాళ్లకు నేను ఉన్ని ప్యానెలే అడగమంటాను. ఫోమ్‌ను ఇక్కడ సరిచేయడం కష్టం.

అవెన్యూ రోడ్డులో స్టేషనరీ కొట్లు తిరిగితే డ్రాయింగ్‌కు వాడే, వంచితే వంగే స్కేలు దొరుకుతుంది. గుర్రాన్ని చదునైన నేల మీద నిలబెట్టి ఆ స్కేలును భుజపుటెముక వెనక, నడి వీపున, చివరి పక్కటెముక దగ్గర ఒత్తి ఆ వంపులు చార్ట్ పేపర్ మీద గీయండి. తేదీ రాయండి. అట్ట మీద అదే ఆకారం కత్తిరిస్తే జీను కొనడానికి గుర్రాన్ని వెంట తీసుకెళ్లక్కర్లేదు, అట్టను జీను కింద పెట్టి చూస్తే చాలు. ప్యానెల్ చివరి పక్కటెముక దాటి వెనక్కి పోకూడదు.

రెండు మూడు నెలలకోసారి గీస్తూ ఉండండి. మా లాయంలో ఒక థారోబ్రెడ్ కాగితాలు గోడకు వరసగా అంటించి ఉన్నాయి. జూన్ గీత మీద డిసెంబర్ గీత పెట్టి చూపిస్తే బాగేపల్లి నుంచి వచ్చిన మా సాయీసు (గుర్రాలను చూసుకునేవాడు) నమ్మలేదు. "ఇది ఇంకో గుర్రందేమో సార్" అన్నాడు. స్కేలు తీసుకుని తనే మళ్లీ గీశాడు.