పాట ప్రజలది, హక్కు ఎవరిది?

2015లో జర్మనీలోని బవేరియా రాష్ట్రం తన చేతిలో ఉన్న ఒక పాట హక్కుల్ని పోలండుకు అప్పగించింది. జర్మన్ సైన్యంతో పోరాడి నేలకొరిగిన పోలండు సైనికుల పాట అది. ఆ దేశంలో దాన్ని ఎరగనివాళ్లు అరుదు. అలాంటి పాట బాణీ హక్కు జర్మన్ ప్రభుత్వం చేతికి ఎలా చిక్కిందో తెలియాలంటే 1944 మే నెలకు వెళ్లాలి.

ఇటలీలో మోంటే కాసినో కొండ. అంతకుముందు ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ మన భారత సైనికులూ నెత్తురోడ్చారు. చివరికి మే 18న కొండమీది మఠం శిథిలాలను పట్టుకున్నది జనరల్ ఆండర్స్ నడిపిన పోలండు దళం. ఆ ముందురాత్రి సైనికుల నాటక బృందంలోని ఫెలిక్స్ కోనార్‌స్కీ నిద్ర పట్టక పాట రాశాడు. ఆల్‌ఫ్రెడ్ షూట్స్‌ను లేపి బాణీ కట్టించాడు. కాసినో మీది ఎర్ర గసగసాల పూలు మంచుకు బదులు పోలండు నెత్తురు తాగాయన్నది దాని పల్లవి.

యుద్ధం ముగిశాక స్వదేశం కమ్యూనిస్టుల ఏలుబడిలోకి వెళ్లింది. ఆండర్స్ సైనికుల పాటకు అక్కడ కొన్నేళ్లపాటు ఆదరణ లేదు. పాట రాసినవాడూ బాణీ కట్టినవాడూ పరాయి దేశాల్లోనే ఉండిపోయారు. కోనార్‌స్కీ 1991లో షికాగోలో, షూట్స్ 1999లో మ్యూనిక్‌లో పోయారు. షూట్స్‌కు భార్య తప్ప వారసులు లేరు. ఆమె కూడా పోయాక, వారసులు లేని ఆస్తి సర్కారుకు చెందుతుందన్న నియమం ప్రకారం ఆ బాణీ బవేరియాకు దక్కింది.

మన దగ్గర ఇలాంటి చిక్కు సినిమా నుంచే మొదలైంది. 1942లో చిత్తూరు నాగయ్య అడిగితే శంకరంబాడి సుందరాచారి ‘దీనబంధు’ సినిమా కోసం ‘మా తెలుగు తల్లికి’ రాశారు. నూటపదహార్లు ముట్టాయని చెబుతారు. పాట సినిమాలోకి ఎక్కలేదు. టంగుటూరి సూర్యకుమారి గొంతులో గ్రామఫోను రికార్డుగా వచ్చి ఇంటింటికీ చేరింది. 1975లో హైదరాబాదులో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన నాటికి అది రాష్ట్ర గీతం. ‘గలగలా గోదారి’ అని పిల్లలంతా బళ్లో పాడుతున్న రోజుల్లో ఆ కవి చేతిలో డబ్బు ఆడక తిరుపతిలో కాలం వెళ్లదీశారు. 1977 ఏప్రిల్‌లో కన్నుమూశారు.

అదే ఏడాది సుప్రీంకోర్టు ఒక కేసులో తీర్పు చెప్పింది. డబ్బిచ్చి సినిమాకు పాట రాయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆ పాట నిర్మాతదేనన్నది దాని సారం. సినీకవులను ముప్పై అయిదేళ్లు కట్టిపడేసింది ఆ తీర్పే. రేడియోలో పాట ఎన్నివేలసార్లు మోగినా, రాసినవాడికి మొదట చేతిలో పెట్టినదే దక్కేది. ఇది అన్యాయమని నా గట్టి నమ్మకం. బాణీ లేకుండానూ పాట నిలుస్తుంది, మాట లేకుండా నిలవదు.

2012లో కాపీరైటు చట్టాన్ని సవరించారు. రాజ్యసభలో హిందీ సినీకవి జావేద్ అఖ్తర్ ఈ సవరణ కోసం గట్టిగా పోరాడారు. సినిమా హాలు బయట పాట వాడుకున్న ప్రతిచోటా వచ్చే రాయల్టీలో గీత రచయితకు సమాన వాటా ఉంటుంది. వారసులకో, రాయల్టీ వసూలు చేసే సంఘానికో తప్ప ఆ వాటాను ఎవరికీ రాసివ్వడం కుదరదు. ఒకవేళ రాసిచ్చినా ఆ కాగితం చెల్లదు.

రచయిత పోయాక అరవై ఏళ్ల వరకు రచనకు మన చట్టం రక్షణ ఇస్తుంది. సుందరాచారి పాటకు ఆ గడువు 2037 చివరిదాకా ఉంది. అందుకే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పాట హక్కు ఎవరి దగ్గరుందో ఇప్పుడే తేల్చాలి. వారసులకు న్యాయమైన సొమ్ము చెల్లించి, పోలండు చేసినట్టు పాటను ప్రజల పేరిట తీసుకోవాలి. ప్రభుత్వ వేదికల మీద పాడే ప్రతిసారీ సుందరాచారి పేరు చెప్పాలని ఉత్తర్వు కూడా ఇవ్వాలి.