రాత్రంతా గొట్టంలో నిలిచిన నీరు

మైపాడు తీరంలో విసురువల అంచుకు సీసపు గుళ్ళు కట్టే మత్స్యకారుడు, పట్టుకారు చేతికి అందనప్పుడు, గుండును పంటితోనే నొక్కి తాడుకు బిగించడం చూశాను. పంటికి లొంగేంత మెత్తనైన ఈ లోహాన్నే రోమన్లు రేకులుగా పోసి, చుట్టి, నీటి గొట్టాలు చేసుకున్నారు. లాటిన్‌లో సీసం పేరు ప్లంబమ్. మనం రోజూ పిలిచే ప్లంబర్ అన్న మాట పుట్టింది అందులోంచే. వంచితే వంగుతుంది, నేల కుంగినా పగలదు, ఇనుములా తుప్పు పట్టి చిల్లులు పడదు కాబట్టి వీధి పైపు నుంచి ఇంటిలోపలికి వేసే కనెక్షనుకు ఐరోపా, అమెరికా నగరాలు ఇరవయ్యో శతాబ్దంలోనూ చాలాకాలం సీసాన్నే వాడాయి. కానీ సీసం కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది, ఒంటికి అది విషం. కొత్త తాగునీటి గొట్టాలకు సీసం వాడరాదని అమెరికా చట్టం చేసింది 1986లో.

మన ఇళ్ళలో కనిపించేవి ఎక్కువగా జీఐ (జింకు పూత వేసిన ఇనుము), పీవీసీ గొట్టాలే గనుక ఈ గొడవ మనది కాదనిపిస్తుంది. కానీ సీసం మన దగ్గర వేరే దారుల్లో వస్తుంది. పాత పోత ఇనుప గొట్టాల అతుకుల్లో జనపనార కూరి, పైన సీసం కరిగించి పోసేవారు. ఇత్తడి కుళాయిలు, వాల్వుల లోహం లేతు మీద సులువుగా తెగడానికి కొద్ది శాతం సీసం కలుపుతారు. పీవీసీ తయారీలో వేడికి ప్లాస్టిక్ చెడిపోకుండా సీసపు లవణాలు కలపడమూ ఉంది; వాటిని తొలగించేందుకు కేంద్ర ప్రభుత్వం 2021లో నిబంధనలు ప్రకటించింది. నెల్లూరు మూలాపేటలోని మా పాత ఇంటి ముందు తవ్వినప్పుడు బయటపడిన అతుకు వలయాన్ని నేను మేకుతో గీసి చూశాను. బూడిదరంగు పొర కింద గీత వెండిలా మెరిసింది, కొద్దిరోజుల్లోనే మళ్ళీ మసకబారింది. అయస్కాంతం దానికి అంటనేలేదు.

ఆ మసక పొరలోనే అసలు విషయం ఉంది. నీటిలోని ఆక్సిజన్, క్లోరిన్ సీసాన్ని కొద్దికొద్దిగా తింటుంటే, నీటిలోని కార్బొనేట్లు, ఫాస్ఫేట్లు గోడకు గట్టి పెచ్చులా కట్టి దాన్ని కాపాడతాయి. నీటి స్వభావం మారితే పెచ్చు కరుగుతుంది. అమెరికాలోని ఫ్లింట్ నగరం 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవడానికి నీటి వనరును మార్చి నదినీటికి వెళ్ళింది; ఆ నీటిలో క్లోరైడ్ ఎక్కువ, పైగా పెచ్చును నిలబెట్టే ఫాస్ఫేట్ కలపలేదు. దశాబ్దాలుగా కట్టిన పొర ఊడి, సీసం ఇళ్ళలోకి చేరింది. మన ఇళ్ళలోనో, పెన్న నీళ్ళు వచ్చిన పూట అవీ, రాని పూట ఉప్పు బోరు నీళ్ళూ ఒకే ట్యాంకులోకి, ఒకే గొట్టంలోకి పోతుంటాయి. ఫ్లింట్ ఒక్కసారి చేసిన మార్పును మనం వారానికి ఎన్నిసార్లు చేస్తున్నామో లెక్కపెట్టే తీరిక మనకు లేదు.

నీరు లోహాన్ని ఎంతసేపు తాకి ఉందన్నది కూడా అంతే ముఖ్యం. రోజుకు గంటో రెండు గంటలో నీళ్ళు వదిలే ఊళ్ళో, మిగతా కాలమంతా గొట్టంలో నీరు కదలదు. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లున్న గొట్టం పది మీటర్లలో దాదాపు 1.8 లీటర్లు పడుతుంది. తెల్లవారి కాఫీకి ముందుగా చెంబులోకి దిగేది రాత్రంతా నిలిచిన ఈ నీరే. దానితో ముందు బకెట్టు నింపి గచ్చు కడిగి, తరువాత వంటకు పట్టుకోవడం మేలు. కాచడం వల్ల ఉపయోగం లేదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ సీసం చిక్కబడుతుంది. ఆర్‌ఓ యంత్రం మాత్రం సీసంలో ఎక్కువ భాగాన్ని ఆపుతుంది.

సీసాన్ని శరీరం క్యాల్షియంగా పొరబడుతుంది, ఎముకల్లో దాచుకుంటుంది. పెద్దలకన్నా పసిపిల్లల పేగులు దాన్ని నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటాయి. ఎదిగే మెదడుకు ప్రమాదం లేదని చెప్పదగిన మోతాదే లేదు. కనిగిరి ప్రాంతంవారికి బాగా తెలిసిన ఫ్లోరైడ్‌కు మన తాగునీటి ప్రమాణం లీటరుకు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాములు అనుమతిస్తే, సీసానికి అనుమతించేది 0.01 మిల్లీగ్రాము. అంటే పదివేల లీటర్ల ట్యాంకరు మొత్తానికి గ్రాములో పదోవంతు. ఫ్లోరైడ్ రాతిలోంచి వస్తుంది కాబట్టి ఊరి బోరును పరీక్షిస్తే తెలుస్తుంది. సీసం ఎక్కువగా మన గేటు దాటాకే కలుస్తుంది కాబట్టి ఊరి ట్యాంకు దగ్గర తీసిన నమూనాలో కనబడదు. ఫిల్టరు అమ్మేవాళ్ళు గ్లాసులో ముంచి చూపించే, నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి కొలిచే టీడీఎస్ మీటరు కూడా దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అది చూపగల అతి చిన్న అంకే సీసపు పరిమితికి వంద రెట్లు.

మా ఇంటికి నమూనా కోసం వచ్చిన కుర్రాడు కుళాయి తిప్పి, ఒక నిమిషం నీళ్ళు వదిలి, తరువాత సీసా పట్టాడు. బ్యాక్టీరియా పరీక్షకు పద్ధతి అదే, అతన్ని తప్పుపట్టడానికి లేదు. అయితే సీసమున్న నీరంతా ఆ నిమిషంలో తూములోకి పోయింది. మరునాడు ఆరు గంటలకు పైగా కుళాయి ముట్టకుండా ఉంచి, మొదటి లీటరు ఒక సీసాలో, రెండోది ఇంకోదానిలో, అలా నాలుగు పట్టి, వరస సంఖ్యలు రాసి పంపాము. మొదటి సీసాలో ఎక్కువగా ఉంటే దోషం కుళాయిది, తరువాతివాటిలో ఉంటే గోడలోని గొట్టానిది.