సున్నపు తేట తెల్లబడితే చాలదు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

ప్రాక్టికల్స్‌లో సాల్ట్ అనాలిసిస్, అంటే ఇచ్చిన లవణం ఏదో పరీక్షలతో కనిపెట్టడం, మొదలైందనీ, ఆ పరీక్షల పట్టికంతా బట్టీ పడుతున్నామనీ రాశారు. పట్టిక కావలసిందే గాని, పరీక్షనాళికలో ఒక రంగు కనబడగానే లవణం పేరు రాసేయకండి.

సున్నపు తేట సంగతే చూడండి. తమలపాకుకు రాసే సున్నం ఒక చెంచాడు గ్లాసు నీటిలో కలిపి, రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని మెల్లగా వంపుకుంటే మీ తేట సిద్ధం. ఒక సీసాలో వంటసోడా వేసి, నిమ్మరసం పిండి, బుసబుస పొంగి వచ్చే కార్బన్ డై ఆక్సైడ్ వాయువును గొట్టం ద్వారా ఆ తేటలోకి పంపితే, అది మొదట మసకబారి, తరువాత పాలలా తెల్లబడుతుంది. ఆ తెలుపు కరగని కాల్షియం కార్బొనేట్. వాయువును ఇంకా పంపుతూ పోతే, అదే కరిగే కాల్షియం బైకార్బొనేట్‌గా మారి నీరు మళ్లీ తేటపడుతుంది. ఓపిక లేక ఈ రెండో దశను చాలామంది చూడనే చూడరు.

అయితే సల్ఫైట్ లవణం మీద ఆమ్లం పోసినప్పుడు వచ్చే సల్ఫర్ డై ఆక్సైడ్ కూడా సున్నపు తేటను తెల్లబరుస్తుంది. దానికి గంధకం కాలిన ఘాటు ఉంటుంది. ఆమ్లం కలిపిన పొటాషియం డైక్రోమేట్‌లో తడిపిన కాగితాన్ని అది నారింజ రంగు నుంచి ఆకుపచ్చకు మారుస్తుంది. కార్బన్ డై ఆక్సైడ్ ఆ కాగితాన్ని ఏమీ చేయలేదు. వాసన చూడవలసి వస్తే నాళికలో ముక్కు పెట్టక, చేత్తో కొంచెంగా విసురుకోండి.

ఇక నా నిర్వాకం ఒకటి. నేను చదువుకునే రోజుల్లో నాకు స్ట్రాన్షియం నైట్రేట్ ఇచ్చారు. స్వేదన జలం దగ్గర వరుస పెద్దదిగా ఉందని కుళాయి నీటిలోనే లవణాన్ని కరిగించి, నత్రికామ్లం, సిల్వర్ నైట్రేట్ కలిపాను. తెల్లగా మసకబారగానే క్లోరైడ్ అని రాసేశాను. మాస్టారు ఏమీ అనకుండా, వేరే నాళికలో ఉత్త కుళాయి నీరు పట్టి అవే రెండూ వేసి నా ముందు పెట్టారు. అదీ అంతే మసకబారింది. నేను పట్టుకున్నది నీటిలోని క్లోరైడ్‌ను! నిజంగా లవణంలో క్లోరైడ్ ఉంటే, పెరుగు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా తెల్లని అవక్షేపం, అంటే నీటిలో కరగక విడిపోయే ఘనపదార్థం, వచ్చి, అమ్మోనియం హైడ్రాక్సైడ్ పోయగానే కరిగిపోతుంది. అయోడైడ్ ఇచ్చే పసుపు అవక్షేపం కరగదు. నత్రికామ్లం ముందుగా ఎందుకంటే, కార్బొనేట్ కూడా సిల్వర్‌తో అవక్షేపమిచ్చి మోసం చేయకుండా దాన్ని ముందే తొలగించడానికి.

అమ్మోనియం లవణంతో ఇంత బాధ లేదు. సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేసి, హైడ్రోక్లోరికామ్లంలో ముంచిన గాజు కడ్డీని నాళిక మూతి దగ్గర పెడితే దట్టమైన తెల్లని పొగలు లేస్తాయి. మండే పుల్లను చూపితే టప్‌మని పేలేది హైడ్రోజన్, కొసన నిప్పు మిగిలిన పుల్లను భగ్గుమనిపించేది ఆక్సిజన్.

లవణాన్ని ప్లాటినం తీగ కొసకు అంటించి మంటలో పెట్టి రంగు చూసే జ్వాలా పరీక్షలో మాత్రం ఆ కొసను వేలితో తాకకండి. చెమటలోని సోడియం చాలు, మంటంతా బంగారు పసుపుతో నిండి పొటాషియం ఇచ్చే లేత ఊదా రంగును మింగేస్తుంది. అప్పుడు కోబాల్ట్ నీలి గాజు అడ్డుపెట్టి చూడండి. పసుపు ఆగిపోయి, దాగిన రంగు బయటపడుతుంది.

మీ తాతయ్య