ఖైదీ చేతిలో కుక్కపిల్ల

అది మానసిక వ్యాధులున్న ఖైదీలను ఉంచే ఆసుపత్రి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, లైమా ఊరు, 1975. ఎవరితోనూ కలవని కొందరు రోగులు దెబ్బతిన్న పిట్టనొకదాన్ని చేరదీసి, పురుగులు పట్టి మేపసాగారు. అది చూసిన డేవిడ్ లీ అనే సోషల్ వర్కర్, జంతువులున్న వార్డునూ లేని వార్డునూ ఏడాదిపాటు పోల్చి చూశాడు. జంతువులున్న చోట మందులు సగమే సరిపోయాయనీ, కొట్లాటలు తక్కువనీ తేల్చాడు.

కుక్కను కాసేపు నిమిరితే చాలామందిలో ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ తగ్గుతుంది. కుక్కా యజమానీ కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు చూపించారు. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసే హార్మోనే అది. నెలల తరబడి ఆప్యాయంగా ముట్టుకునేవాళ్లే లేని మనిషికి ఇది చిన్న విషయమేమీ కాదు.

నిమరడమే మందైతే, వారానికో గంట వచ్చిపోయే కుక్క చాలు. అసలు బలం కుక్కను పెంచడంలో ఉందని నాకనిపిస్తుంది. జైల్లో తిండి వేళ, దీపాలార్పే వేళ, తలుపులు తీసే వేళ అన్నీ ఎవరో నిర్ణయిస్తారు. కుక్కపిల్ల వచ్చాక దాని ఆకలి, నిద్ర, అల్లరి ఖైదీ చేతిలో పడతాయి. వీడు కోప్పడితే అది బెదురుతుంది, నేర్చుకున్నదీ మరిచిపోతుంది. అంటే ఓపిక పట్టడం ఇక్కడ నీతిబోధ కాదు, పని జరగాలంటే తప్పనిసరి. 1981లో వాషింగ్టన్ రాష్ట్రంలోని మహిళా జైల్లో క్రైస్తవ సన్యాసిని పౌలిన్ క్విన్ చొరవతో మొదలైన కుక్కల శిక్షణ కార్యక్రమానికి ఆధారం ఇదే. 1997లో న్యూయార్క్‌లో మొదలైన 'పపీస్ బిహైండ్ బార్స్' సంస్థ ఎనిమిది వారాల కుక్కపిల్లలను ఖైదీలకు అప్పగిస్తుంది. వికలాంగులకు తోడుండే కుక్కలుగా వాటిని తీర్చిదిద్దేది ఖైదీలే. కొలరాడోలోనైతే ఖైదీల చేత అడవి గుర్రాలను మచ్చిక చేయించారు.

తీర్చిదిద్దాక కుక్క వెళ్లిపోతుంది. ఇంతకుముందే అందరినీ పోగొట్టుకున్నవాడికి అది మరో ఎడబాటు. దానికి ముందునుంచే సిద్ధం చేయకపోతే వైద్యమే గాయమవుతుంది. కుక్క సంగతీ చూడాలి. రణగొణ ధ్వనుల మధ్య దానికీ విశ్రాంతి కావాలి. జంతుహింస చరిత్ర ఉన్నవాళ్లకు వాటిని అప్పగించకూడదు.

ఇక లెక్కల దగ్గరే నాకు అనుమానం. ఇలాంటి అవకాశం సాధారణంగా సత్ప్రవర్తన ఉన్నవాళ్లకే దక్కుతుంది. ఆ తర్వాత వాళ్లు గొడవపడలేదంటే ఘనత కుక్కదా, ఎంపికదా? చాలా అధ్యయనాలు కొద్దిమందితో, వాళ్లు నోటితో చెప్పినదాని మీదే నడిచాయి. దరఖాస్తు పెట్టుకుని ఇంకా వంతు రానివాళ్లతో పోల్చి చూస్తే సంగతి కొంత తేలుతుంది. మందుల మోతాదు, గొడవల రికార్డు జైళ్లు ఎలాగూ రాసి పెట్టుకుంటాయి కాబట్టి, ఇది మరీ ఖరీదైన పరిశోధన కూడా కాదు.