వకీళ్ల ఒత్తిడి: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ కోర్టుల్లో కొత్తగా నల్లకోటు వేసుకున్న జూనియర్ల కోసం ఇది రాస్తున్నాను.

అపోహ: ఫైళ్లు ఎక్కువవడం వల్లే ఒత్తిడి.

వాస్తవం: ఫైళ్లకన్నా తలలో మోసే గడువులే ఎక్కువ నలుపుతాయి. చెక్‌బౌన్స్ కేసునే చూడండి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక డబ్బు కట్టడానికి అవతలివాళ్లకు 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. సివిల్ దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (దావాకు ప్రతివాది రాతపూర్వక జవాబు) వేయాలి, కోర్టు పొడిగిస్తే 90. డిక్రీ (దావాలో కోర్టు తేల్చిచెప్పిన ఉత్తర్వు) మీద అప్పీలు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. ఇవన్నీ గుర్తుంటాయిలే అనుకున్న వకీలుకు రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. కాగితాలు చేతికొచ్చిన రోజే ఆఖరి తేదీ డైరీకెక్కాలి. దానికి వారం ముందు పేజీలో ఇంకోసారి రాసుకోవాలి. గుమస్తా డైరీలోనూ ఉండాలి. ఈ-కోర్ట్స్ యాప్‌ తర్వాతి వాయిదా చూపిస్తుంది. ఇంకా వేయని కేసు గడువు మాత్రం అందులో దొరకదు.

అపోహ: ఇవాళ్టికి వాయిదా అడిగితే బరువు దిగుతుంది.

వాస్తవం: మనలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పంపకాల దావాలో మూడు తరాల వంశవృక్షం, పాత పహాణీలు (భూమి రికార్డులు), సర్వే నంబర్లు రాత్రంతా చదివి, పొద్దున సాక్షిని క్రాస్ చేయకుండా (ఎదురు ప్రశ్నలు అడగకుండా) వదిలేస్తే, వచ్చే వాయిదాకు మళ్లీ మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాలి. పైగా విచారణ నడిచేటప్పుడు ఒక పార్టీకి (కక్షిదారుకు) మూడు వాయిదాలకు మించి ఇవ్వొద్దనే సివిల్ ప్రొసీజర్ కోడ్ చెప్తుంది. మిర్యాలగూడలో ఒకటి, దేవరకొండలో ఒకటి ఒకేరోజు పడితే అది వేరు. ముందురోజే తోటి వకీలుకు ఫైలు అప్పజెప్పి, అవతలి వకీలుకూ ఒక మాట చెప్పి ఉంచండి.

అపోహ: పార్టీ ఫోన్ ఎప్పుడొచ్చినా ఎత్తాల్సిందే.

వాస్తవం: అరెస్టు సంగతైతే అర్ధరాత్రైనా ఎత్తాలి. మిగతా ఫోన్లలో ఎక్కువ భాగం "సార్, నా కేసేమైంది?" అనే ఒక్క ప్రశ్న కోసమే. పని ఆపుకొని ఊరినుంచి వచ్చిపోయే రైతుకు ఆ ఆరాటం న్యాయమైనదే. కోర్టు నుంచి రాగానే జరిగిందీ, తర్వాతి తేదీ చిన్న వాయిస్ మెసేజ్‌లో పంపండి. రాత్రి ఫోన్లు బాగా తగ్గుతాయి.

కొత్త కేసు వద్దంటే పేరు పోతుందన్నదీ అపోహే. చదవడానికి తీరికలేని కేసు తీసుకుంటేనే పేరు పోతుంది.

అపోహ: మానసిక వైద్యుణ్ణి కలిస్తే బార్‌లో, అంటే తోటి వకీళ్లలో, చులకనైపోతాం.

వాస్తవం: వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, కోర్టు హాల్లో అడుగుపెట్టాలంటే గుండె దడ వచ్చినా, సాయంత్రం మద్యం లేనిదే గడవకపోయినా అది వైద్యం అవసరమైన స్థితి. ఒంటరిగా భరించకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. సీనియర్లకు ఒక విన్నపం. జూనియర్ ముభావంగా కనిపిస్తే ఫైలు సంగతి తర్వాత, ముందు నిద్ర పడుతోందా అని అడగండి.